బాణం తిరుగుతోంది, దారి దిగకు

దాచిన పెట్టెకు ఇంకా ముప్పై అడుగులు అని ఫోన్‌లో ఉంది. నాలుగడుగులు ముందుకేస్తే తగ్గాల్సింది పోయి నలభై అయింది. మౌంట్ హుడ్ వైపు వెళ్లే దారిలో, మే నెల ఒరెగాన్ అడవి ఇది. తలెత్తితే ఆకాశం కనబడదు, అంతా డగ్లస్ ఫర్ కొమ్మలే. రాత్రి కురిసిన వాన ఇంకా చుక్కలు చుక్కలుగా రాలుతోంది. ఉపగ్రహ సంకేతం ఆ మానులకు తగిలి చుట్టుతిరిగి వస్తుంటే పాపం ఫోన్ మాత్రం ఏం చేస్తుంది?

"నాన్నా, ఇక్కడే ఎక్కడో ఉంది. లోపలికి పోదాం పద!" అమ్మాయి కాలు దారి అంచు దాటబోయింది.

"ఆగమ్మా. ముందు కింద చూడు."

దాని బూటుకి జానెడు దూరంలో, పాచి మీద, సన్నని కాడ. చివర ఒకే ఒక్క పువ్వు. గులాబీ రంగు, కింది రేక చిన్న చెప్పులా బోలుగా, లోపల ఊదా చారలు. మొదలు దగ్గర ఒకే ఆకు. కాలిప్సో ఆర్కిడ్! ఇద్దరం మోకాళ్ల మీద కూర్చున్నాం. ఇందులో తేనె ఉండదు. రంగు చూసి మోసపోయి వచ్చిన తుమ్మెదే పుప్పొడి మోయాలి. దుంప పాచికి కాస్త కిందే ఉంటుంది, ఒక్క అడుగు పడితే చాలు నలిగిపోతుంది. నేలలోని శిలీంధ్రపు పోగులతో ముడిపడిన బతుకు కాబట్టి, తవ్వి పెరట్లో నాటుకుంటే దక్కదు. అవతల ట్రిలియంలు: మూడాకులు, మూడు రేకలు, ముదిరిన పువ్వులు తెలుపు నుంచి గులాబీలోకి తిరిగాయి. మొలక పువ్వు తొడగడానికే ఏళ్లు పడుతుంది.

2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. మర్నాడే ఈ క్లాకమస్ కౌంటీలోనే, బీవర్‌క్రీక్ దగ్గర, డేవ్ అల్మర్ ఓ బకెట్ దాచి దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పాడు. ఫోన్ చూసుకుంటూ దాచిన పెట్టెను వెతికే మా ఈ ఆట అలా పుట్టింది. స్థలం సొంతదారు అనుమతి లేకుండా పెట్టెను పాతిపెట్టకూడదన్నది దీని నియమం. మంచిదే. కానీ నేలను తవ్వేది పార ఒక్కటే కాదు. ఒకరు ముప్పై అడుగుల మేర వెతుకుతూ తిరుగుతారు, తర్వాతివారు వంగిన ఫెర్న్ ఆకులను చూసి అటే నడుస్తారు, చూస్తుండగానే అక్కడో కాలిబాట పడుతుంది. దాచేవాళ్లు దారి మీంచి చేయి చాపితే అందేచోట దాచాలి, సూచనలో ఆ మాట రాసితీరాలి. ఇందులో మొహమాటానికి తావులేదని నా గట్టి నమ్మకం.

మేం దారి మీదే నడిచాం. అమ్మాయి అంచునున్న ప్రతి మొద్దునూ వంగి చూస్తోంది.

"దొరికింది నాన్నా!"

కుళ్లిన దేవదారు మొద్దు తొర్రలో, బెరడు ముక్క చాటున, పాత తూటాల పెట్టె. లోపల చిన్న పుస్తకం, పెన్సిల్. తేదీ వేసి పేర్లు రాశాం, పెట్టెను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాం. ఆ తర్వాత మొద్దు పక్కనే నిలబడి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు నిలకడగా వచ్చేదాకా ఆగి, వాటిని పెట్టె దాచినవారికి పంపాం. కింద అమ్మాయి తనే టైపు చేసింది: "పెట్టె దారి మీంచే అందుతుంది. లోపల ఆర్కిడ్లు ఉన్నాయి, ఎవర్నీ దిగొద్దని సూచనలో రాయండి, ప్లీజ్."