ప్రశ్న ఎవరు అడగాలి? మార్లవాయి నుంచి మన కొయ్యూరు దాకా



కొయ్యూరు అనగానే అందరూ 1924 మే 7 గుర్తు చేస్తారు, అల్లూరిని కాల్చి చంపిన రోజు. ఆ పితూరీ ఎందుకొచ్చిందో మనకి తెలుసు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు పెట్టారు. పోడు అడవిని పాడు చేస్తుందన్నారు, అదే శాస్త్రం అన్నారు. ఎన్నేళ్లు దున్ని ఎన్నేళ్లు వదిలేస్తాం, ఏ చెట్టు జోలికి పోం, సామల్లో కందులు ఎందుకు కలుపుతాం అని పోడు చేసేవాళ్లని అడిగి రాసిన చట్టం కాదది.

అడగడం మొదలైన పాత ఉదాహరణ ఒకటి ఆదిలాబాద్‌లో ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని చంపాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ పెట్టారు. గోండీ వాచకాలు తయారయ్యాయి, లిపి దేవనాగరి. (అక్కడ అప్పటికి కాస్తో కూస్తో చదువుకున్నవాళ్లు మరాఠీలో చదివినవాళ్లే మరి.) నిజం చెప్పాలంటే పథకం పైనుంచి వచ్చిందే. కానీ నల్లబల్ల దగ్గర నిలబడింది గోండు కుర్రాడు.

మన రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. అవి చిన్న తరగతుల దగ్గరే ఆగాయి. హైస్కూల్ సైన్స్‌కి వచ్చేసరికి మన భాషా లేదు, మన కొండా లేదు.

1993లో మొదలైన బాలల సైన్స్ కాంగ్రెస్ ఈ విషయంలో నయం. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు జట్టుగా తమ ఊరి సమస్య మీదే పరిశోధన చేసి తమ భాషలో చెప్పొచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరివాళ్లతో కలిసి రిజిస్టరు రాయాలి. అటవీ హక్కుల నియమాల్లో పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. తాత మాట ప్రభుత్వ రికార్డులో సాక్ష్యం అవుతుంది, మన ప్రాజెక్టులో మాత్రం ‘గూగుల్ నుంచి సేకరించినది’ అని రాస్తాం!

వేసవి సెలవులకి ఊరెళ్తున్నవాళ్లు ఈసారి విత్తనాల మీద పని చేద్దాం. ఏ సామ పోయింది, ఏ చోడి మిగిలింది, ఎందుకు? ప్రశ్నలు అమ్మమ్మలతో కూర్చునే తయారు చేద్దాం. ఒప్పుకుంటేనే వాళ్ల పేరు రాద్దాం. మందు మొక్క గురించి చెప్పనంటే అక్కడే ఆపేద్దాం. రాసింది ముందు ఊళ్లో చదివి వినిపించండి, గ్రూపులో ఆ తర్వాతే పెట్టండి.