దూదేకిన చేతులు, బడి మానిన పిల్లలు

మా పనే మా పేరు. దూది ఏకేవాళ్ళం కాబట్టి దూదేకులవాళ్ళం. సర్కారు కాగితాల్లో లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని కూడా రాస్తారు. కృష్ణా డెల్టా పల్లెల్లో మమ్మల్ని సాయిబులనే పిలిచారు. ఉర్దూ మాట్లాడే సాయిబులేమో మా తెలుగు విని నవ్వారు. ఊరికి తురకలం, తురకలకు తురకం రానివాళ్ళం. ఈ రెంటి మధ్యా మా బతుకు ఎట్లా నడిచిందో, ఏకే మనిషి పోతే ఆ ఇల్లు ఎట్లా ఆగిపోయిందో రాసినవాళ్ళు తక్కువ.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా చూపించింది ఆ రోజుల్లోనే. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. కానీ రాట్నం తిరగాలంటే ముందు ఏకు కావాలి. గింజ తీసిన దూదిని విల్లుతో ఏకి, ఏకులు చుడితేగానీ నూలు రాదు. ఆశ్రమానికి రాట్నం దొరికాక ఏకేవాడి కోసం వెతకాల్సి వచ్చిందనీ, అతను నెలకు 35 రూపాయలు అడిగాడనీ గాంధీయే తన ఆత్మకథలో రాసుకున్నాడు. అతని పేరు మాత్రం రాయలేదు. జెండా మీద రాట్నానికి చోటు దొరికింది. విల్లుకు దొరకలేదు.

ఖద్దరు తగ్గాక మాకు పరుపులూ దిండ్లూ మిగిలాయి. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగాం. కోతలైపోయి రైతు చేతిలో డబ్బాడే రోజుల్లో, పెళ్ళిళ్ళ రోజుల్లో పని. వానాకాలం చెమ్మకు దూది విడదు. ఆ నెలలు అప్పుతోనే గడవాలి. అప్పు ఏకులా వచ్చి మేకై కూచునేది. ఏకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరేది. డాక్టర్లు దానికి బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. మేం ఆయాసం అనుకున్నాం. తర్వాత కరెంటు మిషన్లొచ్చాయి. ఆ వెనకే ఫోం పరుపులొచ్చాయి.

ఏకేవాడు పోతే జియారతుకీ, నలభయ్యో రోజు ఫాతెహాకీ బంధువులొస్తారు. అప్పు చేసైనా అన్నాలు పెట్టాలి. భార్య నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉండాలి. ఆమె కూడా దూది దులిపిన మనిషే, గలేబులు కుట్టిన మనిషే. ఆ పనికి ఎవరూ కూలి లెక్కగట్టలేదు. మొగుడు పోయాక ఆమెను పనిమంతురాలని ఎవరూ అనరు, బేవా అంటారు. నలభై రోజులయ్యాక వచ్చేవాళ్ళు ఆగిపోతారు. పెద్దకొడుకు బడి మాని బెజవాడ ఆటోనగర్ షెడ్డులో చేరతాడు. ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేం అనం. 1970లో ఆంధ్రప్రదేశ్ వెనకబడిన తరగతుల జాబితాలో మమ్మల్ని బి గ్రూపులో చేర్చారు. ఇతర ముస్లిం వెనకబడిన సమూహాలకు 2007లో ఇ గ్రూపు కింద 4 శాతం వచ్చింది. దాంతో మా పిల్లలు కొందరు టీచర్లయ్యారు, గుమాస్తాలయ్యారు. కానీ రిజర్వేషన్ కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఏడో తరగతిలో తండ్రి పోయిన పిల్లవాడు ఆ గేటు దాకా రాడు. 1995 ఆగస్టు 15న జాతీయ కుటుంబ ప్రయోజన పథకం మొదలైంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇంట్లో సంపాదించే మనిషి పోతే ఒక్కసారి ఇచ్చే డబ్బు అది. 2012లో దాన్ని 20 వేలు చేశారు. అప్పులవాడు దానికోసమే కాచుకుని ఉంటాడు. 2008లో మైనారిటీ పిల్లలకు వచ్చిన ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022లో కేంద్రం 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఎనిమిది దాటకముందే బడి మానేవాడికి అది అందేదెట్లా?

మా జమాత్‌లనూ అడగాలి. జకాత్ అంటే ఏడాది మిగులులో రెండున్నర శాతం. రంజాన్‌లో దాన్ని చీరలుగా, చిల్లరగా వందమందికి పంచితే పంచినవాడికి పుణ్యం దక్కుతుందేమో, యతీం బిడ్డకు మాత్రం పుస్తకం దక్కదు. అదే డబ్బు ఒక్క ఇంటి మీద పెట్టి, పిల్లలు పది గట్టెక్కేదాకా ఏటేటా ఇస్తే ఆ ఇల్లు నిలబడుతుంది. ఆ డబ్బు తల్లి చేతికే ఇవ్వాలి. మరణ ధృవీకరణ పత్రం, కుల పత్రం తెచ్చే పనికి ఆమె వెంట మండలాఫీసుకు ఒక చదువుకున్న మనిషి నడవాలి. ఆమె తురకం మాట్లాడుతుందా, తెలుగు మాట్లాడుతుందా అని మసీదు మెట్ల మీద లెక్కలు వేయకూడదు.

మా ప్రవక్త కూడా యతీం. ఆ మాట ప్రతి జుమ్మాకూ వింటున్నాం. నలభయ్యో రోజు భోజనాలకు పట్టే ఖర్చు పిల్లవాడి పేర బ్యాంకులో వేస్తే పోయినవాడి ఆత్మకు తక్కువేమీ కాదు. నలభై రోజుల దుఃఖం మాకు బాగా తెలుసు. నలభయ్యొకటో రోజు నుంచి ఏం చేయాలన్నదే ఇప్పుడు మేం నేర్చుకోవాలి.