విత్తనము నడచిన త్రోవ

రాజుల దండయాత్రలకు శాసనములు కలవు. పొలమునుండి పొలమునకు విత్తనము సాగించిన యాత్రకు శాసనము వ్రాయించినవారు లేరు. అయినను మన విస్తరిలోని యన్నము ఆ యాత్రాఫలమే.

హైదరాబాదు దుకాణములలో సన్నబియ్యము కొనువారు తరచుగ నడుగు పేరు హెచ్.ఎం.టి. ఇది చేతిగడియారముల పేరు. ధాన్యమున కెట్లు వచ్చెను?

మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాలో నాందేడ్ అను చిన్నపల్లె కలదు. దాదాజీ రామాజీ ఖోబ్రగడే అను దళితరైతు ఆ పల్లెవాసి. ఆయనకు గల భూమి ఒకటిన్నర యెకరము. చదువు మూడవ తరగతివరకే. 1983లో పటేల్-3 అను రకపు వరిచేనిలో తక్కినవానికంటె వేరుగ, పసుపువన్నె గల కొన్ని కంకు లాయన కంటబడెను. వానిని కోసి దాచి, వేరుగ విత్తి, ఏటేట ఏరుచు వచ్చెను.

వరిపువ్వు సాధారణముగ తన పుప్పొడితోడనే ఫలించును. కావున ఏరిన గింజల గుణము క్రమముగ స్థిరపడును. పొరుగువాని కిచ్చినను మారదు. ఊరూర విత్తనము వ్యాపించుటకు ఇదియే మూలము.

1990 ప్రాంతమున ఒక రైతు ఆ విత్తనము కొనిపోయి, పండించి, అంగడికి తెచ్చెను. ధాన్యమునకు పేరు లేకుండుటచే వర్తకుడు నాడు ప్రసిద్ధమైన గడియారపు పేరు పెట్టెను. పిమ్మట విత్తనము రైతుల చేతులమీదుగ పొరుగురాష్ట్రములకు వ్యాపించి, తెలంగాణమునకును వచ్చెను.

1994లో పంజాబురావు కృషి విద్యాపీఠమువారు ఖోబ్రగడేయొద్ద విత్తనము తీసికొని, శుద్ధిచేసి, 1998లో పీ.కే.వీ.-హెచ్.ఎం.టి. అను పేర విడుదల చేసిరి. విద్యాపీఠము పేరును, గడియారము పేరును అందు కలవు. రైతు పేరు లేదు. 2005లో ఆయన రాష్ట్రపతి కలాముగారి చేత సత్కారము పొందెను. 2018 జూన్ 3న మరణించెను. పేదరికము కడవరకు వీడలేదు.

2001 నాటి చట్టము రైతునకు విత్తనము దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును హక్కు నిచ్చినది. తాను పెంపొందించిన రకమును నమోదు చేయించుకొనుటకును వీలు కల్పించినది. ఇది మేలే. కాని చట్టము హక్కు నీయగలదు గాని జ్ఞాపకము నీయజాలదు; అది మన పని. శాస్త్రము చదివినవానిని పండితుడందుము. వేల కంకులలో వేరైనదానిని గుర్తించి, యేండ్లతరబడి కాపాడిన చూపును విద్య యనుటకు మన మేల సందేహింపవలెను? విత్తనము చేతులు మారుట లోకోపకారము. దానివెంట దానిని కనుగొన్నవాని పేరుకూడ నడచుట న్యాయము. అన్నము వడ్డించునపుడు పిల్లలకు ఆ పేరొకమారు చెప్పుదము.