ఆగని చక్రం: ఉచిత శక్తి యంత్రాలపై వివాద చరిత్ర

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కూరగాయలు, పూలు పండించే రైతులకు నేడు బోరు మోటారే ఆధారం. పూర్వం మోట ఉండేది. ఎద్దులు వాలు బాటలో కిందికి నడిస్తే నీటి బొక్కెన పైకి వచ్చేది. మేత లేకుండా ఎద్దు మోట కొడుతుందని ఏ రైతూ అనుకోలేదు. మోటారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన ఆలోచన కొంత మారుతుంది. మోటారు జనరేటరును తిప్పుతుందనీ, జనరేటరు కరెంటుతో అదే మోటారు నడిచి ఇంకా మిగులుతుందనీ చెబితే నమ్మేవారు కనిపిస్తారు. ఈ ఆశకు సుదీర్ఘ చరిత్ర ఉంది.

క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు, 1150లో భాస్కరాచార్యుడు తమ సిద్ధాంత గ్రంథాలలో తనంతట తాను తిరిగే చక్రాన్ని వర్ణించారు. తేలికపాటి కర్ర చక్రానికి బోలు ఆకులు అమర్చి, వాటిలో కొంత మేర పాదరసం నింపి మూసివేయాలి. ఒక పక్క పాదరసం అంచుకు జారి బరువు పెరిగినట్లు కనిపిస్తుంది. కాని ఆ పక్క అటువంటి ఆకుల సంఖ్య తక్కువ. లెక్క సరిపోయి చక్రం నిలిచిపోతుంది. ఈ వర్ణనను చూసి గర్వపడటం, ఎగతాళి చేయడం రెండూ అనవసరమే. శక్తి అనే భావన అప్పటికి ఏర్పడలేదు. 13వ శతాబ్దిలో ఫ్రాన్సుకు చెందిన విలార్ ద హొన్నెకూర్ కూడా ఇటువంటి చక్రం బొమ్మ గీశాడు.

వివాదం నిజంగా రాజుకున్నది 18వ శతాబ్దిలో. జర్మనీలో ఆర్ఫిరియస్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన యోహాన్ బెస్లర్ 1717లో ఒక కోటలో పెద్ద చక్రాన్ని ప్రదర్శించాడు. గదికి తాళం వేసి ముద్రలు వేశారు. సుమారు 54 రోజుల తర్వాత తెరిచి చూస్తే చక్రం ఇంకా తిరుగుతూనే ఉందని నమోదైంది. డచ్చి శాస్త్రవేత్త గ్రావెసాండె 1721లో దానిని పరిశీలించి, న్యూటన్‌కు ఉత్తరం రాశాడు. చక్రం లోపలి భాగాన్ని మాత్రం బెస్లర్ చూడనివ్వలేదు. రహస్యం బయటపడుతుందన్న అనుమానంతో చక్రాన్ని పగలగొట్టాడు. పక్క గది నుండి తామే దానిని తిప్పేవాళ్లమని 1727లో అతని పనిమనిషి చెప్పింది. ఆమె మాటపై కూడా చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ విద్యార్థి గమనించవలసినది ఒకటే: పండితుల సాక్ష్యం దొరికింది, లోపల చూసే అనుమతి దొరకలేదు.

1775లో పారిస్ రాజ శాస్త్ర అకాడమీ నిరంతర చలన యంత్రాలను ఇక పరిశీలించబోమని తీర్మానించింది. ఈ వెతుకులాటలో కుటుంబాలు ఆస్తులు పోగొట్టుకున్నాయని, నేర్పరులైన పనివాళ్ల ప్రతిభ వృథా అయిందని కూడా కారణంగా చూపింది. శక్తి నిత్యత్వ సూత్రాన్ని మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ రూపొందించినది 1840లలో. అంటే సూత్రం కంటే నిరాకరణే ముందు వచ్చింది! అందుకే దానిని మూర్ఖపు పట్టుదల అన్నవారూ ఉన్నారు. విమానాన్ని కూడా అసాధ్యమన్నారు కదా అన్నది నేటికీ వినిపించే వాదన. అయితే విమానం ఇంధనం లేకుండా ఎగురుతుందని ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో 1970 పేటెంట్ల చట్టంలోని 3(ఎ) సెక్షను, సుస్థాపిత ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దానిని ఆవిష్కరణగా అంగీకరించదు.

ఇప్పుడు పొలానికి వద్దాం. 5 హెచ్.పి. మోటారుకు దాదాపు 3.7 కిలోవాట్ల యాంత్రిక శక్తి. దానితో తిప్పిన జనరేటరు సామర్థ్యం 85 శాతం అనుకుంటే 3.2 కిలోవాట్లు వస్తాయి. అదే మోటారు నడవాలంటే, దాని సామర్థ్యం కూడా 85 శాతమైతే, 4.4 కిలోవాట్లు కావాలి. లోటు 1.2. పంపు ఇంకా లెక్కలోకే రాలేదు. బరువైన ఫ్లైవీలు కలిపితే దానిలో ముందే నిలవ చేసిన శక్తి కొంతసేపు ఆదుకుంటుంది. ఆ కొంతసేపే ప్రదర్శన.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. అక్కడ ఉచితమన్నది రైతు చెల్లించే ధర గురించిన మాట. బొగ్గు కాలుతూనే ఉంది, సబ్సిడీ ప్రభుత్వ ఖాతాలో పడుతూనే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 100 మీటర్ల లోతు నుండి 1,000 లీటర్ల నీటిని పైకి తీయడానికి కనీసం 0.27 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఇంధనం, కరెంటు లేకుండా ఇదే పని చేస్తుందంటూ ఒక యంత్రానికి అడ్వాన్సు అడిగితే, డబ్బు ఇచ్చే ముందు మీరు ఏయే భాగాలు విప్పి చూపమంటారు? ఎంతసేపు నడిపించమంటారు? బెస్లర్ చక్రం ఉదాహరణతో రాయండి.