మూసుకున్న కన్నులోంచి బిట్లు తీసే లెక్క

కంప్యూటర్ లోపల చిప్పులను కలిపే లింకుల కోసం 2010లో వెలువడిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం ప్రమాణంలో కొత్తవాళ్లను తికమకపెట్టే సంగతి ఒకటుంది. సెకనుకు 800 కోట్ల బిట్లు వచ్చే తీగ చివర, చిప్పు కాలు దగ్గర ప్రోబు పెట్టి చూస్తే ఒకటేదో సున్నా ఏదో తేలకపోవచ్చు. బిట్ల తరంగాలను ఒకదాని మీద ఒకటి పేర్చి గీసే, ఇంజినీర్లు ‘కన్ను’ అనే బొమ్మ పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. అయినా లింకు భేషుగ్గా నడుస్తుంది. ఎందుకంటే ఆ కన్ను తెరుచుకునేది చిప్పు లోపల, ఏ ప్రోబూ చేరని చోట. అందుకే, కొలవడానికి అందనిదాన్ని బోర్డు తయారు కాకముందే లెక్కలో చూసుకోవాల్సి వచ్చింది. లెక్క కొత్తదే గానీ, దాని వెనకున్న జబ్బు నూట యాభై ఏళ్ల నాటిది.

1858 ఆగస్టులో, ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్లాండ్‌కు సముద్రం అడుగున వేసిన తొలి అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుల్ మీద విక్టోరియా రాణి 98 మాటల సందేశం పంపింది. అది దాటడానికి దాదాపు 16 గంటలు పట్టింది. ఈవలి ఒడ్డున చటుక్కున పంపిన విద్యుత్ స్పందన (పల్స్) ఆవలి ఒడ్డుకు చేరేసరికి సాగి సాగి, వెనకొచ్చేదాని మీద పడిపోయేది. భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్ ఈ సంగతి నాలుగేళ్ల ముందే గణితంతో తేల్చాడు: కేబుల్ పొడవు రెట్టింపైతే జాప్యం నాలుగింతలవుతుందని. కేబుల్ వేసిన కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ మాత్రం ఒప్పుకోలేదు. గట్టిగా నెడితే పోతుందిలే అన్నట్టు సుమారు 2000 వోల్టులు ఎక్కించాడు. కొన్ని వారాలకే కేబుల్ మూగబోయింది. చేతిలో మోడల్ ఉండీ దాన్ని నమ్మకపోతే ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఖరీదైన ఉదాహరణ దొరకదు.

తర్వాత పనికొచ్చింది బలం కాదు, ఉపాయం. 1870లలో థామ్సన్, ఫ్లీమింగ్ జెన్‌కిన్ కలిసి ఒక యంత్రం చేశారు. ప్రతి స్పందన వెనకా వ్యతిరేక దిశలో ఒక చిన్న స్పందన పంపడమే దాని పని. పరుగెత్తే ఎద్దును ముకుతాడు పట్టి వెనక్కి లాగినట్టు, అది మొదటిదాని తోకను తుంచేసేది. ఇవాళ మీ కంప్యూటర్లోని ట్రాన్స్‌మిటర్ చేసేదీ ఇదే. 2.5 గిగాబిట్ల వేగంతో నడిచిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ తొలి తరంలో, మారిన బిట్టు పూర్తి వోల్టేజితో వెళ్లేది. అదే బిట్టు మళ్లీ వస్తే దానికి మూడింట రెండు వంతుల వోల్టేజే దక్కేది.

మధ్యలో కథ టెలిఫోను వాళ్ల చేతుల్లో నడిచింది. 1928లో హ్యారీ నైక్విస్ట్, పక్క బిట్ల మీద పడకుండా స్పందన ఎలాంటి ఆకారంలో ఉండాలో చెప్పాడు. 1965లో బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ లకీ, ఇలా సాగిన సంకేతాన్ని సరిచేసే, లైనును బట్టి తనంతట తానే సర్దుకునే ఈక్వలైజర్‌ను మోడెముల కోసం రూపొందించాడు. రెండేళ్లకు ఎం.ఇ. ఆస్టిన్, అప్పటికే తేల్చుకున్న బిట్ల తోకలను లెక్కగట్టి వచ్చే బిట్టులోంచి తీసేసే పద్ధతి రాశాడు. అదే డీఎఫ్‌ఈ. విలియం డాలీ, జాన్ పౌల్టన్ 1990ల నడుమ ఈ విద్యను ఫోను లైనులోంచి సర్క్యూట్ బోర్డు మీదికి దించారు. 4 గిగాబిట్లకు ట్రాన్స్‌మిటర్‌లోనే ఈక్వలైజేషన్ చేయొచ్చని చూపారు.

అంతకుముందు బోర్డు మీది తీగకు ఇన్ని హంగులెందుకన్న ప్రశ్నే లేదు. కానీ 8 గిగాబిట్ల దగ్గర ఒక్కో బిట్టు ఆయుష్షు 125 పికోసెకన్లు. మామూలు ఎఫ్‌ఆర్4 బోర్డు మీద ఆ వ్యవధిలో సంకేతం రెండు సెంటీమీటర్లయినా కదలదు. అంటే 40 సెంటీమీటర్ల తీగలో ఇరవైకి పైగా బిట్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కరెంటు రాగి పైపొరకే పరిమితమవుతుంది. బోర్డు పదార్థం మిగతాది వేడిగా మింగేస్తుంది. రిసీవర్‌లోని సీటీఎల్‌ఈ అనే ఈక్వలైజర్ ఆ పోయిన పై పౌనఃపున్యాలను మళ్లీ లేపుతుంది కానీ, వాటితోపాటు రొదనూ లేపుతుంది. డీఎఫ్‌ఈ రొదను పెంచదు. కానీ ఒక బిట్టును తప్పు తేలిస్తే ఆ తప్పు తర్వాతి బిట్లనూ పాడుచేయగలదు.

మరి వీటన్నిటినీ లెక్కలోకి ఎలా ఎక్కించాలి? 1970లలో బర్క్‌లీలో పుట్టిన స్పైస్ ఉండనే ఉంది. ట్రాన్సిస్టర్ ట్రాన్సిస్టర్‌నూ పట్టించుకునే ఆ ప్రోగ్రాముకు కొన్ని వేల బిట్లకే గంటలు పట్టొచ్చు. ప్రమాణమేమో లక్ష కోట్ల బిట్లకు ఒక్క తప్పు మించరాదంటుంది. అసలు లింకు మీద అన్ని బిట్లు రెండు నిమిషాల్లో దాటిపోతాయి. స్పైస్‌లో వాటిని చూడాలంటే ఒక జీవితకాలం చాలదు.

రెండో అడ్డంకి భౌతికశాస్త్రానిది కాదు, వ్యాపారానిది. ఈక్వలైజర్ చిప్పు కంపెనీ గుట్టు. దాన్ని విప్పి చూపడానికి ఎవరూ సిద్ధంగా లేరు. 1993లో ఇంటెల్ మొదలుపెట్టిన ఐబిస్ పద్ధతి ఇదే చిక్కును పట్టికలతో దాటింది: లోపలి సర్క్యూట్ చెప్పకుండా, వోల్టేజికి ఎంత కరెంటో మాత్రం చెప్పింది. ఈక్వలైజర్‌కు పట్టికలు చాలవు. అందుకని ఐబిఎం లాంటి సంస్థలు ఎవరి సిమ్యులేటర్ వాళ్లు రాసుకున్నాయి. ఒకరి ట్రాన్స్‌మిటర్‌ను మరొకరి రిసీవర్‌తో కలిపి చూద్దామంటే కుదిరేది కాదు.

2008 ఆగస్టులో వచ్చిన ఐబిస్ 5.0లోని ఏఎంఐ అనే భాగం ఈ ముడి విప్పింది. చిప్పు కంపెనీ తన ఈక్వలైజర్‌ను ప్రోగ్రాముగా రాసి, కంపైల్ చేసి, మూసిన ఫైలుగా ఇస్తుంది. సర్దుకోదగ్గ మీటలు మాత్రం పక్కనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. సిమ్యులేటర్ చానెల్ (సంకేతం నడిచే దారి) స్పందనను ఒక్కసారి లెక్కించి ఆ ఫైలుకు అందిస్తుంది. కాలంతో మారే డీఎఫ్‌ఈ లాంటివాటికి తరంగాన్ని ముక్కలుముక్కలుగా పంపి, సరిచేసినదాన్ని తిరిగి తీసుకుంటుంది. అలా లక్షల బిట్లు నిమిషాల్లో తేలతాయి. గుట్టూ రట్టవదు. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది: చానెల్, డ్రైవరు రేఖీయంగా (లీనియర్‌గా) ప్రవర్తిస్తాయని ముందే ఒప్పుకోవాలి. చాలా బోర్డులకు అది చెల్లుతుంది. చెల్లని చోట లెక్క ఏ హెచ్చరికా ఇవ్వకుండా తప్పుతుంది.

లక్షలు చాలవు, లక్ష కోట్లు కావాలంటే బిట్లు పంపడం మానేయాలి. 2004లో ఆంథొనీ సాండర్స్ ముందుకు తెచ్చిన స్టాట్‌ఐ అదే చేసింది. ఒక్క బిట్టు స్పందన తీసుకుని, ఇరుగుపొరుగు బిట్ల తోకలు ఏ సంభావ్యతతో ఎంత పడతాయో కలిపి, కన్నును నేరుగా గీసింది. 2014 నాటి ఈథర్నెట్ ప్రమాణం 802.3బీజే ఈ దారినే పట్టింది. ఆదర్శ ఈక్వలైజర్‌ను ప్రమాణంలోనే రాసి, దానితో సరిచేశాక చానెల్‌కు 3 డెసిబెల్స్ మిగులు ఉంటే చాలంది.

2022 జనవరిలో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ 6.0తో లెక్క మళ్లీ మారింది. ఇప్పుడు ఒక్కో గుర్తుకు నాలుగు మట్టాలు, మూడు చిన్న కన్నులు. పది లక్షల బిట్లకు ఒక తప్పు దొర్లినా పర్వాలేదు, తర్వాత దిద్దుకుంటామంటుంది ప్రమాణం. కానీ విడివిడిగా వచ్చే తప్పులను దిద్దినంత తేలిగ్గా, డీఎఫ్‌ఈ పుణ్యమా అని గుంపుగా వచ్చేవాటిని దిద్దలేరు. అందుకే ఇప్పటి మోడల్ కన్ను ఎంత తెరుచుకుందో చెప్పి ఊరుకుంటే చాలదు. తప్పులు ఎన్నేసి కలిసి వస్తాయో కూడా చెప్పాలి.