షల్, విల్ పట్టిక ఎక్కడిది?

'ఐ', 'వీ' వస్తే 'షల్', మిగతావాటికి 'విల్'. మన బడుల్లో తరాల తరబడి పిల్లలు ఎక్కాల్లా వల్లెవేసిన సూత్రమిది. ఇంగ్లీషు పుట్టినప్పటి నుంచీ ఉన్న నియమమని చాలామంది నమ్మకం. నిజానికి దాన్ని గీసి పెట్టింది ఒక గణితవేత్త.

పాత ఇంగ్లీషులో క్రియకు రెండే కాలాలు: జరిగినది, జరుగుతున్నది. జరగబోయేదానికి విడిగా క్రియారూపం లేదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఏల్‌ఫ్రిక్ అనే సన్యాసి కుర్రవాళ్లకు లాటిన్ నేర్పడానికి ఇంగ్లీషులో వ్యాకరణం రాశాడు. లాటిన్ భవిష్యత్తుకు సాటి రూపం దొరక్క, వర్తమాన క్రియకే ఈరోజో రేపో అన్న మాట చేర్చి సరిపెట్టాడు. 'షల్' అప్పట్లో బాకీ ఉండటాన్ని, చేయక తప్పదనడాన్ని చెప్పేది. 'విల్' అంటే కోరుకోవడం. బాధ్యతా కోరికా రెండూ రేపటివైపు చూసేవే కాబట్టి, క్రమంగా ఆ రెండు మాటలూ భవిష్యత్తు బరువు మోయసాగాయి. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిల్ అనువాదంలో లాటిన్ భవిష్యత్తుకు ఎక్కువగా 'షల్' కనిపిస్తుంది.

పైన చెప్పిన గణితవేత్త జాన్ వాలిస్, ఆక్స్‌ఫర్డ్‌లో జ్యామితి ఆచార్యుడు. అనంతానికి మనం వాడే గుర్తును 1655లో ప్రవేశపెట్టింది ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1653లో, విదేశీయుల కోసం లాటిన్‌లో ఇంగ్లీషు వ్యాకరణం రాశాడు. తన గురించి చెప్పేటప్పుడు 'షల్' ఊరికే జరగబోయేది చెప్పడం, 'విల్' మాట ఇవ్వడమో బెదిరించడమో. ఎదుటివారి గురించైతే ఇది తారుమారు అన్నాడు. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లీ మరే దీన్ని తమ వ్యాకరణాల్లోకి తీసుకున్నారు. లిండ్లీ మరే పుస్తకం ద్వారా అది ఊరూరి బడికీ చేరింది.

స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికా జనం మాత్రం అలా మాట్లాడలేదు. నీళ్లలో మునుగుతున్న ఐరిష్ మనిషి 'షల్', 'విల్' తారుమారు చేసి అరిస్తే, చావాలనే పంతంతో ఉన్నాడనుకుని ఎవరూ కాపాడలేదని ఒక కథ అల్లి వాళ్లను వెక్కిరించారు. దక్షిణ ఇంగ్లండు వారి పలుకుబడి తప్ప నాకు ఆ సూత్రంలో వ్యాకరణం కనిపించదు. 1906లో ఇంగ్లీషు వాడుకపై పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు కూడా ఈ తేడా దక్షిణ ఇంగ్లండు వారికి పుట్టుకతో వస్తుందనీ, బయటివారికి పట్టుబడటం కష్టమనీ ఒప్పుకున్నారు. 1925లో అమెరికన్ పండితుడు చార్లెస్ ఫ్రీజ్ నాటకాల్లోని సంభాషణలు పరిశీలించి, జనం వాడుక ఈ సూత్రాన్ని అనుసరించలేదని తేల్చాడు.

ఈలోగా జనం నోట మరొకటి పెరిగింది. ఫలానా పని చేయడానికి వెళ్తున్నానన్న అర్థంలో మొదలైన 'గోయింగ్ టు', కదలకుండా కూర్చుని చెప్పినా చెల్లే స్థితికి వచ్చింది. జాషువా పూల్ 1646లోనే, అంటే వాలిస్ కన్నా ముందే, తన వ్యాకరణంలో దాన్ని నమోదు చేశాడు. అయినా పట్టికలో చోటు దక్కింది 'షల్', 'విల్' జంటకే.

మనకు ఆ పట్టిక బాగా పరిచయమైంది 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ పుస్తకంతో. తరువాత దాన్ని సవరించింది ఎన్.డి.వి. ప్రసాదరావు. ఈనాటి పెద్ద వ్యాకరణాలు, 1985 నాటి క్వర్క్ బృందానిదీ 2002 నాటి హడిల్‌స్టన్, పుల్లమ్‌లదీ, ఇంగ్లీషుకు భవిష్యత్ కాలమనే క్రియారూపమే లేదంటాయి.

తెలుగు పిల్లలకు ఇది కొరుకుడు పడని సంగతేమీ కాదు. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' అని ఒకే క్రియతో రెండూ చెబుతాం. టికెట్టు చేతిలో ఉంటే 'రేపు హైదరాబాద్ వెళ్తున్నాను' అంటాం. ఇంగ్లీషూ అక్కడ వర్తమానాన్నే వాడుతుంది. మబ్బు చూసి వాన పడేలా ఉందంటే 'గోయింగ్ టు'. ఎదుటివారి సంచి బరువు చూసి 'ఇటివ్వండి, నేను పట్టుకుంటాను' అని అప్పటికప్పుడు అంటే 'విల్'. రైలు వేళ చెప్పాలంటే మామూలు వర్తమానం చాలు.

ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ముందు పట్టిక రాయించకండి. మాట్లాడే మనిషి ముందే అనుకున్నాడా, ఇప్పుడే అనుకున్నాడా, ఏదైనా చూసి ఊహిస్తున్నాడా అని పిల్లల్ని అడగండి. 'తలుపు తెరవమంటారా?' లాంటి ప్రశ్నలకు 'షల్' నేర్పండి, ప్రస్తుతానికి అది చాలు.