ఏడో ఏడు తిండెట్లా?

ఆరేళ్లు సాగు చేసుకోవచ్చు, ఏడో ఏడు మాత్రం నేలను వదిలేయాలి. విత్తకూడదు, ద్రాక్షతీగలు కత్తిరించకూడదు. దానంతటది మొలిచినా, కాసినా అది పొలం యజమాని ఒక్కడిదే కాదు. పేదలు, కూలీలు, పరదేశులు, పశువులు, చివరికి అడవి జంతువులు కూడా తినొచ్చు. యూదులు ఈ ఏడాదిని ‘షెమిటా’ అంటారు. హీబ్రూలో ఆ మాటకు అర్థం వదిలేయడం.

మరి తిండెట్లా? ఈ సందేహం మనకే కాదు, చట్టం రాసినవాళ్లకూ వచ్చింది. లేవీయకాండం 25వ అధ్యాయంలో రైతు చేత ఆ ప్రశ్న అడిగించి మరీ జవాబిచ్చారు: ఆరో ఏటి పంట మూడేళ్లకు సరిపోతుందని. అంటే ఇక్కడ నమ్మకం మనసులో దాచుకునేది కాదు, నాగలి పక్కన పెట్టి చూపించాల్సింది.

ఆ నమ్మకానికి ఖరీదు కూడా కట్టారు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో, మక్కబీల యుద్ధకాలంలో, బేత్‌సూరు కోట శత్రువుకి లొంగిపోయింది. అది ఏడో ఏడు, లోపల తిండిగింజలు లేవు. ఆ తర్వాతి శతాబ్దంలో జూలియస్ సీజర్ ఏడో ఏట యూదులకు పన్ను మినహాయించిన సంగతి జోసెఫస్ చరిత్రలో ఉంది.

నేలను వదలడం కన్నా బాకీని వదలడం కష్టమైంది. ద్వితీయోపదేశకాండం ప్రకారం ఏడో ఏట అప్పులూ రద్దు. గడువు దగ్గరపడిందని పేదవాడికి చెయ్యి ముడుచుకోవద్దని అక్కడే హెచ్చరిక కూడా ఉంది. అయినా ఉన్నవాళ్లు అప్పివ్వడం మానేశారు. అది చూసి హిల్లెల్ అనే గురువు ‘ప్రోజ్‌బుల్’ అనే పత్రం తెచ్చాడు. బాకీని న్యాయస్థానానికి అప్పగించినట్టు రాసుకుంటే అది రద్దు కాదు. చట్టాన్ని కాపాడాడా, గండి కొట్టాడా అంటే చెప్పలేం. పేదవాడికి మాత్రం మళ్లీ అప్పు పుట్టింది.

1889లో, పాలస్తీనాలో కొత్తగా స్థిరపడిన యూదు రైతులకీ ఇదే చిక్కు. ఆ ఏడాదికి పొలాన్ని యూదేతరులకు అమ్మినట్టు రాసి సాగు చేసుకోవచ్చని ఐరోపాలోని కొందరు రబ్బీలు అన్నారు, జెరూసలేంలోని కొందరు ససేమిరా అన్నారు. 1909-10లో రబ్బీ అబ్రహాం ఐజాక్ కూక్ ఆ అమ్మకాన్ని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, నేలకిచ్చే విశ్రాంతి ఎంత గొప్పదో పుస్తకం రాశాడు. 2021-22 షెమిటా నాటికీ ఈ వాదన తెగలేదు.

ఈ రబ్బీలను గడుసువాళ్లని నవ్వుకోవడం తేలికే. కానీ హిల్లెల్ గానీ, కూక్ గానీ నియమాన్ని కొట్టేయలేదు. ఆకలి ఎదురైనప్పుడు పక్కదారి వేశారు, అసలు దారిని మాత్రం మూసేయలేదు. వాన మీద, పంట మీద నమ్మకం పెట్టుకోవడం రైతుకి కొత్త కాదు. అప్పిచ్చేవాడు సాటిమనిషిని నమ్మాల్సిన చోటే, ముందుగా పత్రం అవసరమైంది.